మొక్కజొన్న గాలి

ఉదయం పదీ ఇరవై.

మూడో అంతస్తులో ఆ ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల మనిషి లేదు.

ఇన్‌స్పెక్టర్ తులాయ్ గడప దగ్గరే ఆగి గదంతా కలయజూసింది. బల్ల మీద టీ గ్లాసు ఒరిగి ఉంది. ఒలికిన టీ నిఘంటువు పేజీల్లోకి ఇంకిపోయింది. లోపలికెళ్లి వేలితో తాకి చూసింది. చల్లారిపోయింది. పక్కనే ఫోను. ఫోను పక్కన కళ్లద్దాలు. కుర్చీ వెనక్కి పడి ఉంది.

"ఫోను వదిలి, కళ్లద్దాలు వదిలి ఎవరు బయటికి పోతారు మేడమ్?" అన్నాడు కానిస్టేబుల్ యూనుస్. "ఎవరో ఎత్తుకుపోయారు."

తులాయ్ గుమ్మం పక్కన చెక్క అలమర తెరిచింది. చలికాలం బూట్లు ఒక జత. నల్ల బూట్లు ఒక జత. తెల్లటి నడక బూట్లు ఒక జత. మూడు అరలు, మూడు జతలు. ఒక్కటీ ఖాళీ లేదు.

"ఇంట్లో వేసుకునే చెప్పులు ఎక్కడున్నాయో వెతుకు."

యూనుస్ మంచం కింద చూశాడు. స్నానాల గదిలో చూశాడు. లేవు.

తులాయ్ నోటుబుక్కులో రాసుకుంది. బూట్లు ఉన్నాయి. చెప్పులు లేవు.

కనబడకుండా పోయిన మనిషి పేరు ఎమినె సరీజా. వయసు నలభై ఒకటి. ఒంటరిది. హంగరీ కవిత్వాన్ని తుర్కీలోకి అనువదిస్తుంది. బల్గేరియా నుంచి వలస వచ్చిన తుర్కీ కుటుంబం అని చెప్పుకునేది. అందుకే ఆమె మాటలోని యాసని ఈ కాడికోయ్ పేట‌లో ఎవరూ పట్టించుకోలేదు.

మెట్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకావిడ ఏడుస్తోంది. బెల్కిస్. అరుదైన భాషలకి దుబాసీలను వెతికిపెట్టే చిన్న ఆఫీసు ఆమెది, ఎదురు వీధిలోనే. పక్కన యాభై ఏళ్ల మనిషి. బూడిద రంగు కోటు. ఉన్ని టోపీ రెండు చేతుల్లో నలుపుతున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"బెర్తలాన్ గారు," అంది బెల్కిస్. "హంగరీలో ఏదో సాహిత్య సంఘం కార్యదర్శి. వసంతంలో కవి సమ్మేళనానికి మంచి దుబాసీ కావాలని నన్ను అడిగారు. ఈవిడ అనువాదమే నచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టించుకుందామని వచ్చాం. తొమ్మిదీ యాభై అయిదుకి. తలుపు ఇలాగే ఉంది. పోలీసుల్ని పిలవమని ఈయనే గొడవ చేశారు, పాపం."

"ఈయనకి తుర్కీ వచ్చా?"

"ముక్క రాదండీ. ఇద్దరం ఇంగ్లీషులో కుస్తీ పడుతున్నాం."

బెర్తలాన్ లేచి నిలబడ్డాడు. "ప్లీజ్. ఫైండ్ హర్," అన్నాడు. గొంతు వణికింది.

అలాంటి గొంతు తులాయ్ ఇంతకు ముందొకసారి విన్నది. ఏడేళ్ల క్రితం బుర్సాలో ఉన్నప్పుడు ఒక అన్న ఇలాగే స్టేషనుకొచ్చి ఏడ్చాడు. చెల్లెలు తప్పిపోయిందన్నాడు. తులాయ్ మూడు గంటల్లో ఆ పిల్లని వెతికి అన్న చేతిలో పెట్టింది. పై అధికారి మెచ్చుకున్నాడు. నాలుగో రోజు ఆ పిల్ల శవాన్ని గుర్తుపట్టాల్సింది కూడా తులాయే అయింది.

అప్పట్నుంచీ తప్పిపోయిన మనిషి కేసంటే ఆమెకి భయం. దొరకరేమోనని కాదు.

నాలుగో అంతస్తులో ఒక్కటే ఇల్లు. మక్బూలె అనే ముసలావిడది. గొలుసు తీయకుండా తలుపు జానెడు తెరిచింది.

"పొద్దున్నుంచి ఏమైనా చప్పుడు వినబడిందా మామ్మగారూ?"

"నాకు చెవులు సరిగా వినబడవమ్మా."

"ఎవరైనా వచ్చారా?"

"నాకెవరు వస్తారు? యముడు కూడా దారి మర్చిపోయాడు."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది. ఆ పైన ఇంకో గడియ. తులాయ్ ఒక్క క్షణం నిలబడి, కిందికి దిగింది.

*

మధ్యాహ్నం పన్నెండున్నర. బెల్కిస్ ఆఫీసు.

బయట లొదోస్ అనే నైరుతి గాలి. సముద్రం మీద నుంచి వచ్చి కిటికీలను బాదుతోంది. పడవలన్నీ ఆపేశారు. ఈ పనికి అనువాద పరీక్ష రాసిన మిగతా ఇద్దరు అనువాదకులనీ తులాయ్ పిలిపించింది. రాసిహ్ మాస్టారు, డెబ్బై నాలుగేళ్లు, బుడాపెస్ట్‌లో చదువుకున్న మనిషి. సెల్వి, ముప్ఫై ఏళ్ల పరిశోధక విద్యార్థిని. బెర్తలాన్ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి ఎమినె ఉండే భవనం గుమ్మం కనబడుతుంది.

"మాస్టారూ, ఈయనకీ నాకూ మధ్య మీరే దుబాసీ," అంది తులాయ్.

ప్రశ్నలు మొదలయ్యాయి.

"బెల్కిస్ గారూ, ఈ ముగ్గురినీ ఎలా పట్టుకున్నారు?"

"అబ్బో, మూడు వారాలు పట్టింది. వ్యాపారపు కాగితాలకైతే పది మంది దొరుకుతారు. కవిత్వానికి ఎవరున్నారు? పాత పత్రికలన్నీ తిరగేశాను. ఎమినె గారు అసలు పేరుతో ఎక్కడా రాయరు. పొడి అక్షరాలు రెండు, అంతే. సంపాదకుల వెంటపడి, బతిమాలి పట్టుకున్నా." ఆ మాటలో ఇంకా కొంచెం గర్వం ఉంది.

"పరీక్ష ఏమిటి?"

"నాలుగు పాదాల కవిత. బెర్తలాన్ గారే పంపారు. ముగ్గురూ శుక్రవారం అనువాదాలు ఇచ్చారు. నేను అలాగే పంపేశాను. గంటలో జవాబొచ్చింది, ఎమినె గారే కావాలని."

సెల్వి మూతి విరిచింది. "అదే నాకు అర్థం కాలేదు. ముగ్గురిలోకీ తప్పు రాసింది ఆవిడే."

"ఏం తప్పు?"

"మూలంలో తెంగెరి గాలి అని ఉంది. తెంగెర్ అంటే సముద్రం. తెంగెరి గాలి అంటే సముద్రపు గాలి. నేనూ అదే రాశా, మాస్టారూ అదే రాశారు. ఆవిడ మాత్రం మొక్కజొన్న గాలి అని రాసింది. మన తుర్కీలో మొక్కజొన్నకీ ఈజిప్టుకీ ఒకటే మాట కదా. చదివేవాళ్లకి ఈజిప్టు గాలి అనిపిస్తుంది. పక్కన రెండు పిరమిడ్లు కూడా పెట్టాల్సింది."

బెల్కిస్ ఏడుపులోనే ఫక్కున నవ్వింది. కిటికీ దగ్గర బెర్తలాన్ పెదవి చివర కూడా చిన్నగా వంగింది. రాసిహ్ మాస్టారు ఇంకా నోరు తెరవలేదు.

తులాయ్ కలం ఆగింది. తల ఎత్తలేదు.

"ఈ రోజు పొద్దున్న ఎమినె గారితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?" అంది, గొంతు మామూలుగా ఉంచుకుని.

"మాట్లాడలేదండీ. తొమ్మిదీ పద్నాలుగుకి ఫొటో పంపాను. మేమిద్దరం హోటల్లో టిఫిన్ తింటున్నది. మీ అతిథి వచ్చేశారు, బయల్దేరుతున్నాం అని. ఆవిడ చూసింది కూడా. జవాబు ఇవ్వలేదు."

"ఫొటో తీస్తానంటే ఈయన ఏమన్నారు?"

"అడగలేదు, తీసేశా. పంపాక చెప్పా. కొంచెం చిరాకు పడ్డారు. ఫొటోలు ఇష్టముండవట."

తులాయ్ లేచింది. "మాస్టారూ, ఒకసారి బయటికి రండి. మీ ఐడీ కార్డు వివరాలు రాసుకోవాలి."

మెట్ల దగ్గరికి రాగానే గొంతు తగ్గించింది. "తెంగెరి అంటే ఇంకేమైనా అర్థం ఉందా?"

ముసలాయన మెల్లగా తల ఊపాడు.

"ఉందమ్మా. తూర్పు హంగరీలో, పల్లెల్లో, తెంగెరి అంటే మొక్కజొన్న. నేను పట్నంలో చదివినవాణ్ణి, మర్చిపోయా. పుస్తకాల్లో ఎక్కడో చదివే ఉంటాను. కానీ కంటికి కనబడగానే మొక్కజొన్న అని తట్టాలంటే ఆ పొలాల్లో పుట్టాలి."

"అయితే ఎమినె బల్గేరియా మనిషి కాదు."

"కాదు." ఆయన జేబులోంచి కవిత ఉన్న కాగితం తీశాడు. "సముద్రం అనుకుని చదివితే ఇది ప్రేమ కవిత. మొక్కజొన్న అనుకుని చదువుతుంటే... వినండి. నువ్వు అందులో దాక్కున్నావు. నేను గట్టున నిలబడి పిలిచాను. తెంగెరి గాలి ఆగింది. నీ ఊపిరి నాకు వినబడింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కింద వీధి తలుపు గాలికి దబదబ కొట్టుకుంటోంది.

*

ఒంటిగంటా నలభై. తులాయ్ ఒక్కతే నాలుగో అంతస్తు ఎక్కింది. బూట్ల చప్పుడు కాకుండా ఎక్కింది. తలుపు మీద వేలితో మెల్లగా తట్టింది.

"మామ్మగారూ, తలుపు తీయొద్దు. లోపలున్న ఆవిడకి నా మాట వినబడితే చాలు."

లోపల అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగింది.

"పొద్దున్న వచ్చిన ఫొటోలో ఉన్న మనిషేనా?"

గాలి మెట్ల కిటికీలోంచి ఈల వేసింది. తలుపుకి అవతల, చాలా దగ్గరగా, ఎవరో ఊపిరి బిగబట్టి వదిలారు.

"అవును."

ఒక్క మాట. అంతే.

తులాయ్ తలుపుకి దగ్గరగా వంగింది. "ఎవరు పిలిచినా తీయకండి. పోలీసులన్నా తీయకండి. నేనే వచ్చి పిలిచినా తీయకండి. సాయంత్రం మామ్మగారికి ఫోను చేస్తాను."

కిందికి దిగుతూ యూనుస్‌కి నాలుగు మాటలు చెప్పింది.

"ఒకవేళ వాడు అక్కడికి రాకుండా తిన్నగా పైకి పోతే మేడమ్?"

"నాలుగో అంతస్తు మెట్ల మీద ఇద్దరు కానిస్టేబుళ్లని పెడుతున్నాను. అయినా నాకూ అదే భయం," అంది తులాయ్. నిజమే చెప్పింది.

రెండూ అయిదుకి ఆఫీసులోకి తిరిగి వచ్చింది. ఎవరి చోట వాళ్లున్నారు. బెర్తలాన్ కళ్లు ఎదురు గుమ్మం మీదే ఉన్నాయి.

రెండూ ఏడుకి ఆమె ఫోను మోగింది.

"చెప్పు యూనుస్. దొరికిందా? ఎక్కడ? కింద బొగ్గుల గదిలోనా?" తులాయ్ గట్టిగా మాట్లాడింది. "స్పృహలో లేదా? కదిలించొద్దు. నువ్వు వీధి చివరికి వెళ్లు, అంబులెన్సుకి దారి దొరకదు. తలుపు దగ్గరికి వేసి వెళ్లు. పర్లేదు, పది నిమిషాలేగా."

బెల్కిస్ లేవబోయింది. "కూర్చోండి," అంది తులాయ్. రాసిహ్ మాస్టారు హంగరీ భాషలో ఏదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. "ఆయనకి ఇప్పుడే చెప్పకండి మాస్టారూ. కంగారు పడతారు."

బెర్తలాన్ మొహంలో ఏ మార్పూ లేదు. ఏమీ అర్థం కాని మనిషిలాగే చూస్తున్నాడు. తులాయ్ గడియారం వైపు చూసింది. తప్పు చేశానా? బుర్సాలో లాగే మళ్లీ?

రెండూ తొమ్మిది. బెర్తలాన్ జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి చూపించాడు. తలుపు వైపు సైగ చేశాడు. మర్యాదగా నవ్వాడు.

తులాయ్ తల ఊపింది.

అతని అడుగులు మెట్లు దిగాయి. మొదట నింపాదిగా. చివరి మెట్ల దగ్గర పరుగు.

కిటికీలోంచి చూసింది. అతను సిగరెట్టు వెలిగించలేదు. వీధి దాటాడు. ఎదురు గుమ్మంలోకి మాయమయ్యాడు.

నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. పైకి పోయాడా? మెట్ల మీది వాళ్లు ఆపగలరా?

రెండూ పదమూడుకి ఫోను మళ్లీ మోగింది. యూనుస్ రొప్పుతున్నాడు. "పట్టుకున్నాం మేడమ్."

*

మూడున్నరకి తులాయ్ ఆఫీసుకి వచ్చేసరికి ముగ్గురూ ఉన్నచోటే ఉన్నారు. టీ తెప్పించుకున్నారు గానీ ఎవరూ తాగలేదు. వెనకాలే వచ్చిన యూనుస్ తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"చీకట్లో దిగాడు," అన్నాడు అడక్కుండానే. "దీపం వేసుకోలేదు. ఏదో పేరు పెట్టి పిలిచాడు. ఎంత మెల్లగా పిలిచాడంటే, నిద్రపోయే పిల్లల్ని లేపినట్టు. లైటు వేసి చూస్తే చేతిలో టేపు చుట్ట ఉంది. వెనక సందులో అద్దె వ్యాను నిలిపాడు. అందులో ఆడవాళ్ల ఎర్రకోటు ఒకటి. పాతది. ఇస్త్రీ చేసి, తగిలించి ఉంచాడు."

బెల్కిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవరండీ అతను?" అంది సెల్వి.

"ఎమినె భర్త. పట్టుకున్నాక అతనే కొంత, ఫోనులో ఆమె కొంత చెప్పారు. పన్నెండేళ్ల క్రితం ఆమె తమ్ముణ్ణి చంపాడు. ఆ రాత్రి ఆమె మొక్కజొన్న చేలో తెల్లవార్లూ దాక్కుని బతికింది. కోర్టులో సాక్ష్యం చెప్పి ఈ దేశం పారిపోయి వచ్చింది. పేరు మార్చుకుంది, పుట్టిన ఊరు మార్చుకుంది. అతను కిందటి ఏడాది జైలు నుంచి వచ్చాడు. జైల్లో ఉండగానే ఎవరో ఆమె తుర్కీలో ఉందని చెప్పారట. ఏ ఊరో, ఏ పేరో తెలియదు. కానీ ఒకటి తెలుసు. ఏం మానేసినా కవిత్వం మానదని."

"దానికి నన్ను వేటకుక్కలా వాడుకున్నాడు," అంది బెల్కిస్ మెల్లగా.

"నన్ను కూడా," అంది తులాయ్. "ఫొటో చూసి ఆమె జాడ లేకుండా పోయేసరికి పోలీసుల చేత వెతికించబోయాడు."

రాసిహ్ మాస్టారు తల ఎత్తారు. "మీకు అనుమానం ఎక్కడొచ్చిందమ్మా?"

"బెల్కిస్ గారి మాటలోనే ఉంది, మొదట్లో నాకూ తట్టలేదు. ఈయనకి తుర్కీ ముక్క రాదన్నారు. మూడు తుర్కీ అనువాదాలు పంపితే గంటలో ఒకటి ఎంచుకున్నాడన్నారు. రాని భాషలో ఎలా ఎంచుకున్నాడు?"

"సంఘంలో ఎవరో చదివి చెప్పారనుకున్నా," అంది బెల్కిస్.

"నేనూ అలాగే అనుకునేదాన్ని. సెల్వి పిరమిడ్ల జోకు వేసేదాకా. ఆ జోకు మన భాషలో తప్ప ఇంకే భాషలోనూ పేలదు. మాస్టారు అనువదించక ముందే అతను నవ్వాడు." తులాయ్ చల్లారిన టీ ఒక గుక్క తాగింది. "జైల్లో ఆరేళ్లు తుర్కీ నేర్చుకున్నాడట. ఆమె ఏ భాషలో దాక్కుందో ఆ భాష. మంచి అనువాదం కోసం కాదు వెతికింది. మొక్కజొన్న అని రాసే చెయ్యి కోసం. ఇక ఫోనులో నేనన్నది అర్థమైతే తప్ప ఎవడూ బొగ్గుల గదికి పోడు."

"మరి ఆవిడ భవనంలోనే ఉందని?" అంది సెల్వి.

"ఎత్తుకుపోయేవాడు కాళ్లకి చెప్పులు తొడిగి తీసుకుపోడు, అవి మెట్ల మీదే ఊడిపోతాయి. వీధిలోకి పారిపోయే మనిషి, ఎంత కంగారులో ఉన్నా, ఈ చలిలో బూట్లు వేసుకుంటుంది. ఇంటి చెప్పులతో ఎవరి గుమ్మానికి పోతాం? పక్కింటికో, పై ఇంటికో."

సెల్వి తల దించుకుంది. "తప్పు రాసిందని నవ్వాను," అంది.

*

సాయంత్రం అయిదున్నరకి ఎమినె స్టేషనుకి వచ్చింది. మక్బూలె మామ్మ చెయ్యి వదలకుండా వచ్చింది. ముసలావిడ యూనుస్‌ని పైనుంచి కిందిదాకా చూసి, "పిల్ల మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు, ముందు ఒక సిమిత్ రొట్టె తెప్పించు, తర్వాత రాసుకో," అంది. చెవులు బాగానే వినబడుతున్నాయి.

తులాయ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఒక్కటి అడుగుతాను. మీకు ఇష్టం లేకపోతే చెప్పొద్దు. ఆ కవిత చదివినప్పుడు అనుమానం రాలేదా?"

"వచ్చింది." ఎమినె గొంతు పొడిగా ఉంది. "కానీ నాకు పన్నెండేళ్లుగా రోజూ వస్తోంది. మెట్ల మీద అడుగు వినబడినా అతనే. రాంగ్ నంబరు వచ్చినా అతనే. ఇంక ఈ భయం మాట వినకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ వారమే."

"సముద్రం అని రాసి ఉంటే దొరికేవారు కాదు."

"రాశాను ముందు. సముద్రపు గాలి అని రాసి, పంపబోయి ఆగాను. అర్థం అది కాదు కదా అనిపించింది. కొట్టేసి మళ్లీ రాశాను." ఆమె తన చేతులు చూసుకుంది. "అతను రాసిందైనా సరే, తప్పు రాయలేకపోయాను. పిచ్చిదాన్ని."

తులాయ్‌ టీ గ్లాసు ఆమె వైపు జరిపింది.

"మళ్లీ వస్తాడా?" అంది ఎమినె.

తులాయ్ వస్తాడని చెప్పలేదు. రాడని అబద్ధం చెప్పలేదు. "ఇప్పుడు నాలుగు గోడల మధ్య ఉన్నాడు. హంగరీ వాళ్లు కూడా అతని కోసమే చూస్తున్నారు. షరతులు తప్పి దేశం దాటాడు. ఇక నుంచి ఏం జరిగినా ముందు నాకు తెలుస్తుంది, తర్వాత మీకు. ఈ మాట నిలబెట్టుకుంటాను."

యూనుస్ కాగితం సర్దుకున్నాడు. "వాంగ్మూలం మొదలుపెడదామా అక్కా? పేరు ఎమినె సరీజా. అంతేనా?"

బయట గాలి తగ్గింది. రేవులో మొదటి పడవ కూత పెట్టింది.

"పక్కన పాత పేరు కూడా రాయండి," అంది. "ఎమొకె. బరాని ఎమొకె."

యూనుస్ రాశాడు. ఆమె తొంగి చూసి తల అడ్డంగా ఊపింది. అతను కొట్టేసి మళ్లీ రాశాడు. అదీ తప్పే.

"ఇలా ఇవ్వండి," అని కలం తీసుకుంది. అక్షరాలు వంకరగా వచ్చాయి. అయినా ఒక్కో అక్షరమూ ఆగి ఆగి, హంగరీ అక్షరాల చుక్కలూ గీతలూ వదలకుండా, పూర్తిగా రాసింది.